సంతకం ఒక్కటే కదా, వదినా!

కాలిఫోర్నియాలోని ట్రేసీ నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు, సరే. ఉత్తరం సారాంశం ఇది.

ఆమె ఆంధ్రలో బీఫార్మసీ చదివి, ఇక్కడ ఎం.ఎస్. చేసి, బే ఏరియాలో మందులు తయారుచేసే ఒక కంపెనీ నాణ్యతా పరీక్షల ల్యాబులో ఆరేళ్లుగా పనిచేస్తున్నారు. భర్త సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. ఇద్దరివీ హెచ్‌1బీ వీసాలే, గ్రీన్‌కార్డు వరుసలో నిలబడి ఉన్నారు. మరిది వీళ్లకన్నా ముందే వచ్చి ఇక్కడి పౌరుడయ్యాడు. ఇన్నాళ్లూ లారీల వ్యాపారం చేశాడు. ఇప్పుడు ట్రేసీలో ఒక గోదాము అద్దెకు తీసుకుని, మందుల కంపెనీల తరఫున సరుకు నిల్వచేసి పంపే 'త్రీపీఎల్' వ్యాపారం పెడుతున్నాడు. మొదటి ఖాతాదారు కూడా దొరికాడు. హైదరాబాద్ చుట్టుపక్కల తయారైన జెనరిక్ మాత్రలను అమెరికాలో అమ్మే చిన్న కంపెనీ అది. సరుకు నెవాడా, అరిజోనా, ఫ్లోరిడాలకు కూడా వెళ్లాలి. గోదాము అద్దె గత నెల నుంచి నడుస్తోంది. అన్నగారు, అంటే ఈమె భర్త, ఇంటిమీద అప్పు తీసి 60,000 డాలర్లు పెట్టారు. శనివారాలు వెళ్లి ర్యాకులు కూడా బిగిస్తున్నారు.

లైసెన్సు దరఖాస్తులో 'రెస్పాన్సిబుల్ మేనేజర్' అని ఒకరి పేరు రాయాలి. మరిదికి మందుల అనుభవం లేదు. "పేరుకే వదినా, ఒక్క సంతకం. నీ ఉద్యోగం నువ్వు చేసుకో" అంటున్నాడు. ల్యాబు అనుభవాన్ని పంపిణీ అనుభవంగా రాస్తే సరిపోతుందట. ఆమె వెనకాడితే, "కేంద్ర చట్టం ప్రకారం మనకు లైసెన్సు ఉన్నట్టే లెక్క. రాష్ట్రం కాగితాలు తర్వాత వస్తాయి" అని ఒకరోజు, "అసలు హోల్‌సేల్ లైసెన్సే తీసుకుందాం, గడువు దగ్గరపడిన సరుకును చవకగా కొనుక్కోమని పార్టీ అడుగుతున్నాడు" అని ఇంకోరోజు చెబుతున్నాడట. తెనాలి నుంచి అత్తగారు ఫోన్ చేసి, "ఇంటి ఆడపిల్లలాగా చూసుకున్నాం, ఒక్క సంతకానికి ఇంత బెట్టా" అన్నారు. ఆ తర్వాత రెండు వారాలుగా మాట్లాడటం లేదు. "సంతకం పెట్టాలా, వద్దా? పెట్టకపోతే ఈ ఇంట్లో నా స్థానం ఏమిటి?" అన్నది ప్రశ్న.

అమ్మా,

మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను. మీ మామగారికి తెనాలిలో మందుల షాపు ఉండేదనీ, గోడమీద ఎవరిదో ఫార్మసిస్టు సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి ఉండేదనీ, డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజు ఆ ఫార్మసిస్టును పిలుచుకురమ్మని సైకిలు మీద కుర్రాణ్ణి పంపిన కథ మీ ఇంట్లో ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారనీ రాశారు. మీ మరిది ఆ షాపులో పెరిగాడు. సర్టిఫికెట్ అద్దెకు ఇవ్వడం, తీసుకోవడం మన ఊళ్లలో ఎంత మామూలో మీకూ నాకూ తెలుసు. 1948 నాటి ఫార్మసీ చట్టం అక్కడా వద్దనే చెబుతోంది, అయినా నడుస్తుంది. అతను మిమ్మల్ని మోసం చెయ్యమని అడుగుతున్నానని అనుకోవడం లేదు. గోడకు ఒక ఫ్రేము అడుగుతున్నానని అనుకుంటున్నాడు. అందుకే మీ భయం అతనికి బెట్టులా కనిపిస్తోంది.

ముందు 'కేంద్ర చట్టం ప్రకారం లైసెన్సు ఉన్నట్టే' అన్న అతని వాదన చూద్దాం, ఎందుకంటే అందులో సగం నిజం ఉంది. సగం నిజాలతోనే చిక్కు. 2013 నవంబరు 27న అమెరికాలో మందుల సరఫరా గొలుసు భద్రతా చట్టం వచ్చింది. అంతకుముందు ఏడాదే క్యాన్సర్ రోగులకు ఇచ్చే అవాస్టిన్ పేరుతో, అసలు మందే లేని నకిలీ సీసాలు ఈ దేశపు వైద్యుల దగ్గరికి చేరాయి. ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో తెలియాలన్నది ఆ చట్టం తాపత్రయం. సరుకు తనది కాకుండా, ఎవరికి అమ్మాలో తాను నిర్ణయించకుండా, కేవలం నిల్వ, రవాణా చూసేవాళ్లను ఆ చట్టం త్రీపీఎల్ అని ప్రత్యేకంగా గుర్తించింది. వాళ్లను హోల్‌సేల్ వ్యాపారులుగా లెక్కగట్టి నియంత్రించవద్దని రాష్ట్రాలకు చెప్పింది. దేశమంతటికీ ఒకే లైసెన్సు ప్రమాణాలు తయారుచేసే పనిని ఎఫ్‌డీఏకు, అంటే ఇక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థకు, అప్పగించింది. ఎఫ్‌డీఏ ముసాయిదా ప్రకటించేసరికి 2022 ఫిబ్రవరి వచ్చింది. ఆ ప్రమాణాలు అమల్లోకి వచ్చేదాకా త్రీపీఎల్‌లకు కేంద్ర చట్టం దృష్టిలో లైసెన్సు ఉన్నట్టే పరిగణించాలని ఆ చట్టంలో ఉంది. మీ మరిది చదివింది ఆ ముక్కే.

అయితే అది కేంద్ర చట్టం తన అవసరం కోసం పెట్టుకున్న లెక్క. మీ గోదాము ఉన్నది కాలిఫోర్నియాలో. ఈ రాష్ట్రం 2014లోనే తన చట్టం మార్చి త్రీపీఎల్‌లకు విడిగా లైసెన్సు పెట్టింది, ఇచ్చేది ఫార్మసీ బోర్డు. ఒక్కో గోదాముకు ఒక్కో లైసెన్సు, ఏటా పునరుద్ధరణ. అది చేతికి రాకముందు ప్రిస్క్రిప్షన్ మందుల ప్యాలెట్ ఒక్కటి మీ షెడ్డులోకి దిగినా ఈ రాష్ట్ర చట్టాన్ని ఉల్లంఘించినట్టే, ఢిల్లీలో రైల్వే అనుమతి ఉందని తెనాలి మున్సిపాలిటీలో ప్లాను లేకుండా ఇల్లు కట్టినట్టు. పైగా త్రీపీఎల్‌లు తమ గోదాములకు ఏ రాష్ట్రం ఇచ్చిన ఏ నంబరు లైసెన్సు ఉందో ఏటా ఎఫ్‌డీఏకు తెలపాలి. ఆ గడిలో ఏం రాస్తారో ఒకసారి అడగండి.

బయటి రాష్ట్రాల సంగతి ఇంకా గజిబిజి. కాలిఫోర్నియా లైసెన్సుతో సరుకు బయలుదేరవచ్చు. అది చేరే రాష్ట్రం కూడా లైసెన్సు కోరితే అక్కడిదీ కావాలి. ఫ్లోరిడాలో త్రీపీఎల్‌లకు వేరే పర్మిట్ ఉంది. అన్ని రాష్ట్రాలూ ఒకే తీరుగా లేవు, అసలు ఉమ్మడి ప్రమాణాల ఆలోచన పుట్టిందే అందుకు. కాబట్టి ఖాతాదారు ఇచ్చిన రాష్ట్రాల జాబితా పట్టుకుని ఒక్కొక్క రాష్ట్రానికీ రాసి జవాబు తెప్పించుకోవాలి. ఈ పని చెయ్యడానికి లైసెన్సు అక్కర్లేదు, అనుభవమూ అక్కర్లేదు, ఓపిక చాలు. మీ మరిది ఈ రోజే మొదలుపెట్టవచ్చు.

ఇక సంతకం.

కాలిఫోర్నియాలో రెస్పాన్సిబుల్ మేనేజర్ అంటే ఆ గోదాము రాష్ట్ర, కేంద్ర చట్టాల ప్రకారం నడవడానికి జవాబుదారీ అయిన మనిషి. ఆ మనిషికి విడిగా సొంత లైసెన్సు ఉండాలి, దాన్ని డిజిగ్నేటెడ్ రిప్రజెంటేటివ్ త్రీపీఎల్ అంటారు. వేలిముద్రలు ఇవ్వాలి, నేరచరిత్ర పరిశీలన ఉంటుంది, శిక్షణ పూర్తిచెయ్యాలి. అలాంటి లైసెన్సు ఉన్నవాళ్లు కనీసం ఒకరు గోదాములో ఉంటేనే పని నడవాలి. మీరు పగలంతా బే ఏరియాలో ల్యాబులో ఉంటారు. అంటే మీరు సంతకం పెట్టిన మరుసటి ఉదయం, తలుపు తెరిచిన మొదటి గంటలోనే నియమం తప్పినట్టు. ఏదో ప్రమాదం జరిగితే చూసుకుందాం అనే వీలు ఇందులో లేదు.

ట్రేసీ ఎండలు మీకు నేను చెప్పాలా? చాలా మాత్రలకు నిర్దేశించిన నిల్వ ఉష్ణోగ్రత 20 నుంచి 25 డిగ్రీల సెల్సియస్, ఎప్పుడైనా కొద్దిసేపు 15 నుంచి 30 మధ్య ఊగినా ఫరవాలేదంటారు. జులైలో బయట 40 దాటిన రోజు మధ్యాహ్నం ఏసీ ఆగింది అనుకోండి. రేకుల కింద పైవరుస ర్యాకుల్లో ఎంత వేడెక్కిందో చూసి, సరుకును పక్కన పెట్టించి, కంపెనీకి తెలియజేసి, "ఇది కదలడానికి వీల్లేదు" అని చెప్పవలసిన మనిషి మీరు. లారీ గుమ్మంలో ఉంటుంది, డ్రైవరు హారన్ కొడుతుంటాడు, మీ మరిది "వదినా, రెండు గంటలకే ఏమవుతుంది" అంటాడు. అప్పుడు అతన్ని ఆపగలరా? అధికారం మీకు ఉంటుందా? నేను ఈ రంగంలో చేరిన కొత్తలో, నేను లేని రోజు ఉష్ణోగ్రత పట్టికలో అందరూ పెట్టారు కదా అని సంతకం పెట్టాను. అదృష్టవశాత్తు ఆ రోజు ఏమీ జరగలేదు. ఆ కాగితం తర్వాత తనిఖీ అధికారి చేతిలో చూసినప్పుడు నా చెయ్యి ఎలా వణికిందో ఇన్నేళ్లయినా గుర్తుంది.

అనుభవం సంగతి. హైస్కూలు చదువు ఉండి, గత మూడేళ్లలో కనీసం ఏడాది జీతం తీసుకుని త్రీపీఎల్‌లో గాని, లేదా లైసెన్సున్న ఫార్మసీలో, మందుల హోల్‌సేల్‌లో, తయారీ కంపెనీలో గాని పంపిణీకో, రోగులకు మందు ఇవ్వడానికో సంబంధించిన పని చేసి ఉండాలని కాలిఫోర్నియా నియమం. ఫార్మసిస్టు పరీక్షకు అర్హత ఉన్నవాళ్లకు వేరే దారి ఉంది, మీరు చెప్పినదాన్నిబట్టి అది మీకు వర్తించదు. ల్యాబులో మాత్ర కరిగే వేగం కొలవడం పంపిణీ పని కాదమ్మా. దాన్ని అలా రాస్తే, అబద్ధమైతే శిక్షకు సిద్ధమని ఒప్పుకుంటూ సంతకం పెట్టే దరఖాస్తులో అబద్ధం రాసినట్టు. మీ ప్రస్తుత యజమాని ఆ అనుభవాన్ని ధ్రువీకరించవలసి వస్తే ఏం రాస్తారు?

ఇదంతా ఒక ఎత్తు, మీ వీసా ఒక ఎత్తు. మీ ఉత్తరంలో వీసా మాట ఒకే ఒకసారి, అదీ పరిచయంలో వచ్చింది. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లు ఏ యజమాని పిటిషన్ ఆమోదమైతే ఆ యజమాని దగ్గరే పనిచెయ్యాలి. రెండో చోట చెయ్యాలంటే ఆ రెండో కంపెనీ కూడా మీకోసం పిటిషన్ వెయ్యాలి. అలా వేసే వీలుంది, చాలామంది వేశారు కూడా. కానీ హెచ్‌1బీకి డిగ్రీ తప్పనిసరి అయిన వృత్తి కావాలి. ఈ పదవికి రాష్ట్రం హైస్కూలు చదువు చాలంటోంది. గోదాము మేనేజరు పనికి డిగ్రీ తప్పనిసరి అని వలస శాఖను ఒప్పించడం ఎంత కష్టమో మీరే ఊహించండి. జీతం తీసుకోకుండా చేస్తే పని కాదు అన్న నమ్మకం మనవాళ్లలో గట్టిగా ఉంది. దానిమీద గ్రీన్‌కార్డు పందెం కట్టవద్దు. ఇంకోమాట, మీవారు శనివారాలు ర్యాకులు బిగిస్తున్నారని మురిపెంగా రాశారు. డబ్బు పెట్టుబడి పెట్టడం వేరు, ఆ వ్యాపారంలో ఒళ్లు వంచి పనిచెయ్యడం వేరు. వచ్చే శనివారం ఆయన్ను ఇంట్లోనే ఉండమనండి, వలస వ్యవహారాల న్యాయవాదిని కలిసేదాకా. సంతకం కన్నా ముందు నన్ను కంగారుపెట్టింది ఇదే.

హోల్‌సేల్ లైసెన్సు ఆలోచన గురించి కొంచెమే చెబుతాను. గడువు దగ్గరపడిన సరుకును కొన్న నిమిషం నుంచి మీ మరిది త్రీపీఎల్ కాదు, హోల్‌సేల్ వ్యాపారి. సరుకు యాజమాన్యమే ఆ రెండింటి మధ్య గీత. అటువైపు వెళితే ప్రతి అమ్మకానికీ లావాదేవీ సమాచారం ఇవ్వాలి, తీసుకోవాలి, అనుమానాస్పద సరుకును విచారించాలి. కేంద్ర చట్టం హోల్‌సేల్‌వాళ్లకు 1,00,000 డాలర్ల పూచీకత్తు బాండు నిర్దేశించింది, ఏడాది రాబడి కోటి డాలర్లు మించనివాళ్లకు 25,000. 'అన్నిటికీ పనికొస్తుంది' అని తీసుకునే లైసెన్సు కాదిది. రెండో దుకాణం. మొదటి దుకాణమే తెరవనివాళ్లు దానిజోలికి ఇప్పుడు పోనక్కర్లేదు. గడువు సరుకు ఎరవేసే పార్టీ ఎలాంటివాడో కూడా కాస్త ఆరా తియ్యమనండి.

అయితే మీ ముందున్న దారులేమిటి? నిజంగానే ఆ ఉద్యోగం చెయ్యడం ఒకటి. ల్యాబు మానేసి, పిటిషన్ వేయించుకుని, అర్హత సంపాదించుకుని, లారీని ఆపే అధికారం రాతపూర్వకంగా తీసుకుని గోదాములో కూర్చోవడం. గ్రీన్‌కార్డు చేతికొచ్చాక, ఈ రంగం మీద మీకే మనసుంటే అది గౌరవమైన వృత్తి, నేను చేసిందే. ఈ రోజున మాత్రం ఆ తలుపు మీకు దాదాపు మూసే ఉంది.

బయటి మనిషిని జీతానికి పెట్టుకోవడం మరొకటి. ట్రేసీ ఉన్న ఈ సెంట్రల్ వ్యాలీ నిండా గోదాములే, లైసెన్సున్న అనుభవజ్ఞులు దొరక్కపోరు. జీతం భారమే. అద్దెకు ఆ జీతం తోడైతే మొదటి ఏడాది లాభం మాట మరిచిపోవాలి. ఆ ఖర్చు వేసుకుంటే వ్యాపారం నిలవదని లెక్క తేలితే, అసలు నిలవని వ్యాపారాన్ని మీ పేరుతో నిలబెట్టాలని చూస్తున్నారన్నమాట. ఆ లెక్క ఇప్పుడే తెలియడం మంచిది, 60,000 కాస్తా లక్ష కాకముందు.

ఇంకో దారి మీ ఉత్తరం మూడో పేజీలోనే ఉంది, మీరు దాన్ని దాటేసి వెళ్లిపోయారు. మీ తోడికోడలు రెండేళ్లు మందుల షాపులో టెక్నీషియన్‌గా చేసి, పాప పుట్టాక నిరుడు మానేసిందని రాశారు. ఆమె ఇక్కడి పౌరురాలు. లైసెన్సున్న ఫార్మసీలో, జీతానికి, గత మూడేళ్లలోనే చేసిన పని. ఆమె అనుభవం ఆ నియమానికి సరిపోయేలా ఉంది, ఫార్మసీ బోర్డును అడిగి రూఢిచేసుకోవాలి. ఇంట్లో ఇన్ని మాటలు నడిచాయి, ఆమెను ఎవరైనా అడిగారా? ఎం.ఎస్. చదివిన పెద్ద కోడలి సంతకానికి ఉన్న బరువు టెక్నీషియన్ సంతకానికి లేదనుకున్నారేమో. అయితే అడగడం అంటే అప్పగించడం కాదు. చంటిపిల్ల తల్లి రోజంతా గోదాములో ఉండగలదా, పాపను ఎవరు చూస్తారు, జీతం ఎంత, ఆమె 'ఆపు' అంటే భర్త ఆపుతాడా? ఇవన్నీ తేలకుండా ఆమె పేరు రాస్తే మీ నెత్తిమీది ఫ్రేము తీసి ఆమె నెత్తిన పెట్టినట్టవుతుంది. ఆమె వద్దంటే ఆ మాటా అక్కడితో ఆగాలి.

ఈ మధ్యలో అద్దె ఎలా అన్నది అతని అసలు గుబులు, అది నేను కొట్టిపారెయ్యను. చిరునామా లేకుండా దరఖాస్తు లేదు, దరఖాస్తు తేలకుండా రాబడి లేదు, అద్దె మాత్రం ఆగదు. ఈ వ్యాపారంలో కొత్తవాళ్లను ముంచేది ఇదే. గోదాము యజమానితో మాట్లాడి లైసెన్సు వచ్చేదాకా అద్దె తగ్గించమనో, సగం స్థలమే తీసుకుంటామనో అడగవచ్చు. ప్రిస్క్రిప్షన్ అక్కర్లేని సరుకు, పచారీ సామానో బట్టలో, అతనికి అలవాటైన లారీ ఖాతాదారులది పెట్టుకుంటే కొంత గడుస్తుంది. మందుల పార్టీ ఆగనంటే, ఇప్పటికే లైసెన్సున్న గోదాముకు వెళ్లనివ్వండి, లైసెన్సు వచ్చాక తిరిగి పిలవవచ్చు. పార్టీ పోతుందన్న భయం నాకు అర్థమవుతుంది. అయితే మందుల కంపెనీలు కూడా లైసెన్సున్నవాళ్లతోనే పనిచెయ్యాలి. మీ కాగితాలు చూపించమని అడగకుండానే సరుకు పంపడానికి సిద్ధపడ్డ పార్టీ పోతే నేనైతే ఊపిరి పీల్చుకుంటాను.

పేరుకే సంతకం పెట్టేస్తే? అదీ ఒక దారే, కాదనను. కొన్ని నెలలు ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. అత్తగారు మాట్లాడతారు. తనిఖీకి వచ్చేదాకా, ఏసీ ఆగేదాకా, లేదా వలస శాఖవాళ్లు ఇంటర్వ్యూలో "ఇంకెక్కడైనా పనిచేశారా" అని అడిగేదాకా. ఆ రోజు మీ వేలిముద్రలు, మీ ఉద్యోగం, ఇద్దరి గ్రీన్‌కార్డులు ఒకే బల్లమీద ఉంటాయి. మీ మరిది బల్లకు అవతల నిలబడతాడు, అతని పౌరసత్వానికి ఏమీ కాదు. ఈ మాట అతన్ని తప్పుపట్టడానికి కాదు, నష్టం ఎవరివైపు వాలి ఉందో చూడమని.

మీ ప్రశ్నలో రెండో సగం, ఇంట్లో నా స్థానం ఏమిటన్నది, దానికి నా దగ్గర నియమాల పుస్తకం లేదు. ఒక్కటి మాత్రం కనిపించింది. నాలుగు పేజీల్లో మీవారు ఏమన్నారో ఒక్కచోటా లేదు. మరిది మాటలున్నాయి, అత్తగారి మాటలున్నాయి. ఆయన డబ్బు ఇచ్చారు, ర్యాకులు బిగించారు, ఇంతే. తమ్ముడితో "వదిన పెట్టదు" అని మీరు చెప్పడానికీ, "మేమిద్దరం ఆలోచించాం, ఇది కుదరదు" అని ఆయన చెప్పడానికీ మధ్య చాలా దూరం ఉంది. ముందు ఆయనతో కూర్చోండి, వీసా కాగితాలు ముందు పెట్టుకుని. ఆయన వీసా కూడా ఇందులో ఉందని తెలిశాక మాట మారవచ్చు.

అత్తగారికి మాత్రం మీరే ఫోన్ చెయ్యండి. చట్టాలు చెప్పవద్దు. ఆ సైకిలు కుర్రాడి కథ మళ్లీ చెప్పమనండి, ఆమె నోటితోనే. ఇన్‌స్పెక్టరుకు కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి, ఫార్మసిస్టు వచ్చేదాకా మామగారు ఎన్నిసార్లు వీధిలోకి తొంగిచూశారో ఆమెకే బాగా తెలుసు. అంతా అయ్యాక అడగండి, ఆ ఫార్మసిస్టు ఇల్లు షాపుకు ఎంత దూరమని. రెండు వీధులని చెబుతారు. మీ ల్యాబు నుంచి ట్రేసీకి ఆల్టమాంట్ కొండ దాటి రావాలి, సాయంత్రం రద్దీలో గంటన్నర పైమాటేనని అప్పుడు చెప్పండి.